ఏళుమలై గారి గాజుపలకలు

మైనం దిమ్మెలోంచి మూడు మైక్రాన్ల పొర
గోరువెచ్చని నీళ్ళ మీద మీగడలా తేలింది.
ఊపిరి బిగబట్టి, కుంచెతో అందుకుని
గాజు మీదికి ఎక్కించింది మా కస్తూరి.
ముందు ఫ్యాన్ ఆపాలి.
మే నెల కీల్పాక్‌లో అది చిన్న త్యాగం కాదు.

ఒక ఊదా, ఒక గులాబీ.
ముప్పై ఏళ్ళుగా నేను చదివిందంతా ఈ రెండు రంగుల్లోనే.

ఎడమ అంచున మూత్రాశయం లోపలిపొర కణాలు.
చెడినా, ఒకదాన్నొకటి ఆనుకుని
ఇంకా ఇరుగుపొరుగుతనం మరవనివి.
ఈ జబ్బు నాకు తెలుసు. వారానికి రెండు చూస్తాను.
స్లైడు కొంచెం కుడికి జరిపాను.
పొరుగు లేదు. వరస లేదు.
కదుళ్ళలాంటి కణాలు, ఎవరి దారిన వాళ్ళు.
వాటి మధ్య, నీలంగా మెరుస్తూ, మెత్తని ఎముక.
చెవి డొప్పలోనో ముక్కు కొసనో ఉండాల్సింది.
ఉచ్చతిత్తిలో దానికేం పని?

మాకు పాఠం చెప్పిన పెద్దాయన రెండు మాటలూ బోర్డు మీద రాసేవాడు.
వేర్వేరు తల్లుల బిడ్డలు రెండు
పెరిగి పెరిగి మధ్యగోడ కూలి కలిసిపోయాయని ఒకటి.
తల్లి ఒక్కతేనని, సంతానంలో కొందరు
పుట్టింటి యాస మరిచి ఎముక భాష పట్టారని ఇంకొకటి.
రెండోదాని కింద గీత గీసేటప్పుడు
సుద్దముక్క విరిగేది, ఏటా.

రోగులు మా గదికి రారు.
మేం మనుషుల్ని ముక్కలుగానే ఎరుగుదుం.
ఆయన వచ్చాడు, రెండంతస్తులు ఎక్కి,
గొట్టం సంచీ లుంగీ మడత చాటున దాచుకుని.
చీటీ మీద ఏళుమలై, అరవై మూడు, పాత వణ్ణారపేట.
తమిళంలో మొదలుపెట్టాడు. నేనూ తమిళంలోనే.
వెనకనుంచి భార్య మోచేత్తో పొడిచి
"యాడ్నుంచి వచ్చినాదో అడగవయ్యా" అంది.
ఆ యాడ్నుంచితో గదిలో భాష మారిపోయింది.

"ఇంట్లో తెలుగేనమ్మా. మాయమ్మ ఏడుకొండలనే పిల్చేది.
ఇస్కూల్లో అయ్యవారు ఏళుమలై అని రాసేసినాడు.
కొండలు ఏడే గదా, లెక్క సరిపోయిందిలే అన్నాడు మా నాయన."

నలభై ఏళ్ళు లుంగీలకి రంగులేశాడు,
మోచేతులదాకా తొట్టిలో.
మొదటిసారి ఎర్రగా పోసినప్పుడు
రంగే అనుకున్నాడట.
"లోపలికి ఇంకింది పోతా ఉండాదిలే అని
రెండు నెల్లు ఊరుకున్నా."

తరమణి నుంచి జన్యుపరీక్ష ఆ ఉదయమే వచ్చింది.
ఎడమవైపు ముక్కలోనూ కుడివైపు ముక్కలోనూ
అదే చోట అదే అచ్చుతప్పు.
తల్లి ఒక్కతే.
నాకు ఆ ఆనందం ఇంకా చల్లారలేదు. అందుకే
"బయటిది కాదయ్యా, మీ లోపల్నుంచే,
ఒకే ఒక్క కణం నుంచి" అనేశాను.

ఆయన చేతులు చూసుకున్నాడు.
గోళ్ళ అంచుల్లో ఇంకా నీలం.
"లోపల్దే అయితే, ఓనరు మీద కేసు నిలబడదు గదమ్మా?
అల్లుడు కాయితాలు తయారు చేస్తా ఉండాడు."

ఆయన అడిగింది తొట్టి గురించి.
నేను చెప్పింది కణం గురించి.
పుట్టుక అన్న ఒక్క మాటే ఇద్దరం వాడాం.

కాదు, కాదని తడబడ్డాను. ఆ కణాన్ని ఎవరు చెడగొట్టారన్నది
వేరే ప్రశ్న అన్నాను. రంగుల మీద అనుమానం బలమైనదే, కానీ
గాజు మీద దాని సంతకం కనబడదన్నాను.
ఆయనకి ఎంత అందిందో తెలీదు.
రిపోర్టు చివర, ఎవరూ అడగని వాక్యం ఒకటి చేర్చాను:
వృత్తి, నలభై ఏళ్ళు, బట్టల అద్దకం.

వెళ్ళబోతూ బల్ల మీది పలక చూసి "ఇదేనా?" అన్నాడు.
ఇవ్వకూడదు. ఇచ్చాను.
కిటికీ వెలుగుకి పట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.
భార్య చూడనంది.

"రంగు దిట్టంగా పట్టినాది. చార లేదు, మరక లేదు.
ఎవరు యేసినారు?"

కస్తూరి చెయ్యెత్తింది,
వేళ్ళ చివర్లు ఊదా.